స్క్రీన్ మీద అన్నీ పడతాయి

"మోడల్ ఇంజిన్ చేయాలనుంది, ఏ క్యాడ్ సాఫ్ట్‌వేర్ నేర్చుకోమంటారు?" నెలకు ఒకరిద్దరైనా ఇదే అడుగుతారు. మోడల్ ఇంజిన్ అంటే నిజంగా తిరిగే బుల్లి ఇంజిన్, క్యాడ్ అంటే కొలతలతో కంప్యూటర్‌లో డిజైన్ గీయడం. ఆర్నెల్లాగి పలకరిస్తే ఇంకా "ఏ సాఫ్ట్‌వేర్" దగ్గరే ఉంటారు. మధ్యలో ఫోటోలా తళతళలాడే కంప్యూటర్ బొమ్మ (రెండర్) ఒకటి పెడతారు, మనం లైకులు కొడతాం. ఇత్తడి ముక్క మాత్రం ఇంకా కొని ఉండరు.

నేనూ ఆ బాపతే, అందుకే ఈ ఉక్రోషం. నా మొదటిది ఆసిలేటింగ్ స్టీమ్ ఇంజిన్. వేరే వాల్వ్ ఉండదు, సిలిండరే ఉయ్యాలలా ఊగుతూ ఆవిరి రంధ్రాలను తెరుస్తూ మూస్తూ ఉంటుంది. సిలిండర్ లోపల 12 మిల్లీమీటర్లు, పిస్టన్ 12 అని గీశాను. స్క్రీన్ మీద చక్కగా దూరింది. బాలానగర్‌లో లేత్ పనిచేసే పెద్దాయనకి ప్రింటు చూపిస్తే, "రెండూ పన్నెండే అయితే లోపలికి ఎట్ల పోతది సార్?" అన్నాడు. సిలిండర్‌కి 12 రీమర్ (రంధ్రాన్ని కచ్చితమైన సైజుకి తెచ్చే పనిముట్టు) వేసి, పిస్టన్‌ని 11.98కి తిప్పి ఇచ్చాడు. ఆ 0.02 మిల్లీమీటర్లు నా ఫైల్లో ఎక్కడా లేవు. సాఫ్ట్‌వేర్‌లో టూల్ అరగదు, డ్రిల్ బిట్ పక్కకి పోదు మరి.

అలాగని క్యాడ్ వద్దనను. ఆ రంధ్రాల లెక్క చూడండి. నా క్రాంక్ (పిస్టన్ కదలికను తిరుగుడుగా మార్చే చేయి) 8 మిల్లీమీటర్లు, సిలిండర్ ఊగే పిన్ను నుంచి క్రాంక్ తిరిగే కేంద్రానికి 40. అంటే సిలిండర్ ఒక్కో వైపు 11.5 డిగ్రీలు ఊగుతుంది. పిన్నుకి 15 దూరంలో ఉన్న సిలిండర్ రంధ్రం పక్కకి 3 జరుగుతుంది. కాబట్టి దానికెదురుగా కదలని పలకలో ఆవిరి వచ్చే రంధ్రమూ పోయే రంధ్రమూ ఒకదానికొకటి 6 దూరంలో ఉండాలి, రంధ్రం సైజు 3 కంటే తక్కువ ఉండాలి. నేను 2.5 పెట్టాను. అదే 3.2 పెడితే పిస్టన్ చివరికొచ్చినప్పుడు సిలిండర్ రంధ్రం రెండింటికీ ఆనుతుంది, ఆవిరి ఇటు వచ్చి అటే పోతుంది. స్కెచ్‌లో క్రాంక్ మారిస్తే ఇవన్నీ వాటంతటవే జరుగుతాయి. కాగితం మీదైతే రబ్బరు అరగదీయాలి.

పాత బ్రిటిష్ డ్రాయింగులతో ఇంకో తంటా. అక్కడ మోడల్ ఇంజినీరింగ్ పత్రిక 1898లోనే మొదలైంది, పాత కొలతలన్నీ అంగుళాల్లోనే. 5/16 అంగుళాన్ని 7.9375 అని మార్చేసి చేతులు దులుపుకునేవాళ్ళున్నారు. ఆ రాడ్ ఏ షాపులో దొరుకుతుంది బాబూ? 8 తీసుకో, దాన్నిబట్టి మిగతావన్నీ మార్చు. సాఫ్ట్‌వేర్ ఉన్నది దీనికే.

ఇక ఏది అంటారా, ఏదైనా పర్లేదు. ఫ్యూజన్ అనే క్యాడ్ సాఫ్ట్‌వేర్ ఉచిత లైసెన్సులో ఒకేసారి పది ఫైళ్ళే ఎడిట్ చేయొచ్చు, మన బొమ్మలకు అదీ చాలు. ఇంకోటి ఫ్రీక్యాడ్, అందులో ఒకప్పుడు వెనక్కెళ్ళి ఒక కొలత మారిస్తే ఫిల్లెట్ (అంచుకి ఇచ్చే గుండ్రటి వంపు) ఇంకో అంచుకి ఎగిరిపోయేది. 2024 నవంబర్‌లో 1.0 వెర్షన్ వచ్చాక ఆ పిచ్చి చాలావరకు తగ్గింది.

నా ఇంజిన్ సైకిల్ పంపు గాలికి తిరుగుతోంది. బేస్‌లో ఒక్క స్క్రూ మాత్రం ఈ రోజుకీ బిగించలేదు. స్క్రీన్ మీద దానంతటదే పోయి కూర్చుంది, ఇక్కడేమో స్క్రూడ్రైవర్‌కి ఫ్లైవీల్ అడ్డం.