అడుగుల గడియారం వారికి ఒక విన్నపం

మహారాజశ్రీ అడుగుల గడియారం వారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. నా కుశలం తమకు రాయనక్కరలేదు. రాత్రి నేను ఎంతసేపు పడుకున్నానో, అందులో గాఢనిద్ర ఎంతో నాకంటే ముందు తమకే తెలుసు. హాయిగా నిద్రపట్టిందనుకుని లేచిన నాకు, తమరు చూపించే అంకె చూశాకే నీరసం మొదలవుతోంది.

యాభై ఎనిమిదో ఏట నన్ను నేను కాస్త బాగుచేసుకుందామన్న సదుద్దేశంతో తమను మణికట్టుకు కట్టుకున్నాను. రోజుకు 10,000 అడుగులన్నారు, సరేనన్నాను. ఒకనాటి రాత్రి పదకొండున్నరకు ఇంకా నాలుగు వందలు తక్కువయ్యాయని సోఫాకూ టీవీకీ మధ్య పచార్లు చేస్తుంటే, మా ఆవిడ నిద్రకళ్లతో వచ్చి "ఏం పోగొట్టుకున్నారు?" అని అడిగింది.

ఇంతకీ ఈ పదివేలు ఏ వైద్యుడి మాట అని ఆరా తీస్తే, టోక్యో ఒలింపిక్స్ జరిగిన మరుసటి ఏడు, 1965లో, జపానులో అమ్మకానికి పెట్టిన అడుగుల మీటరుకు 'మంపోకెయ్' అని, అంటే 'పదివేల అడుగుల మీటరు' అని, పేరు పెట్టారని తేలింది. నేను మందుచీటీ అనుకున్నది సరుకు పేరు. పోనీ, చదివింపులకు మనం నూటపదహార్లు పెట్టుకోలేదా?

అంకెతో పేచీ లేదు, తమ లెక్కతోనే. మా అబ్బాయి వీసా మొక్కు తీర్చడానికి చిలుకూరు బాలాజీ గుడిలో 108 ప్రదక్షిణలు చేశాను. అంకెల కాగితాన్ని ఎడమచేత్తో గుండెకు ఆనించుకుని, చుట్టు చుట్టుకూ పెన్నుతో కొట్టేస్తూ నడిచాను. చెయ్యి ఊగలేదు కనుక ఆ అడుగుల్లో చాలావాటిని తమరు గుర్తించలేదు. కాగితం మాత్రం ఒక్కటీ తప్పలేదు. అదే వారం మా వీధి భజనలో గోడకు చేరగిలబడి చప్పట్లు కొడితే ఆరు వందల అడుగులు జమచేసి శభాష్ అన్నారు.

అదీ సహించాను. కానీ మొన్న కరెంటు పోయిన రాత్రి, ఏడుస్తున్న మనుమరాలిని ఎడమ భుజాన వేసుకుని, తన వీపు మీద చెయ్యి కదలకుండా ఉంచి, డాబా మీద ముప్పావు గంట తిరిగాను. ఈ ఏడాది నాకు అంత ప్రశాంతంగా గడిచిన సమయం మరొకటి లేదు. పాపకు అలా కునుకు పట్టిందో లేదో, "చాలాసేపటి నుంచి కూర్చున్నారు, లేచి కాస్త కదలండి" అంటూ తమరు దాని వీపు మీదే గుర్రుమన్నారు. మళ్లీ పడుకోబెట్టడానికి ఇంకో అరగంట తిరిగాను. అదీ తమ ఖాతాలో లేదు.

ఇట్లు,
తమ లెక్క ప్రకారం ఆ రోజు 2,314 అడుగుల మనిషి