వంకర ముక్కు కోడిపెట్టని పెంచుకుంటే మీకేంటి నొప్పి?

సంక్రాంతి దగ్గరపడుతుంటే మా గోదావరి జిల్లాల్లో పందెం పుంజులకి జరిగే మర్యాదలు చూడాలి. బాదంపప్పు, ఖైమా, ఉడకబెట్టిన గుడ్డు, వేణ్ణీళ్ళ స్నానం, చెరువులో ఈత. డేగ పుంజుని సంకలో పెట్టుకుని ఊరంతా తిరిగే పెద్దమనిషిని ఎవరూ పిచ్చోడు అనరు. జంతువుల చేత పోట్లాడించడం 1960 నాటి చట్టం ప్రకారం నేరం, ఆ మాట కూడా ఎవరూ ఎత్తరు. నేను మాత్రం పొద్దున్నే పెరట్లో కూర్చుని వంకర ముక్కు పెట్టకి తౌడు ముద్ద కలుపుతుంటే గోడవతల నుంచి ఒకటే సలహాలు. "ఇంకా దాన్ని మేపుతున్నావా అమ్మాయ్? శుభ్రంగా పులుసు పెట్టెయ్యక!"

పులుసు సలహా అయినా నయం, నవ్వి ఊరుకోవచ్చు. నాకు ఒళ్ళు మండేది జాలి సలహాకి. "పాపం, నరకం పడుతోందండీ, చంపేస్తే దానికే విముక్తి." ఇలా అనేవాళ్ళలో ఒక్కరు కూడా అది మేత తింటుంటే రెండు నిమిషాలు నిలబడి చూసినవాళ్ళు కాదు.

మా పెట్ట పేరు ముత్యాలు. దాని పైముక్కు ఎడమకి, కింది ముక్కు కుడికి పోయాయి, సగం తెరిచిన కత్తెరలాగ. గుడ్డులోంచి వచ్చినప్పుడు మిగతా పిల్లల్లాగే ఉండేది. కొన్ని వారాలు పోయాక మూతి కాస్త పక్కకి తిరిగినట్టు అనిపించింది, ఎదిగేకొద్దీ ఎక్కువైంది. ఇది వంశపారంపర్యంగా రావచ్చు, పొదిగేటప్పుడు వేడి హెచ్చుతగ్గుల వల్ల రావచ్చు, దెబ్బ తగిలో, మేతలో పోషకాలు చాలకో రావచ్చు. అంటువ్యాధి మాత్రం కాదు. కాబట్టి "మిగతా కోళ్ళకి అంటుకుంటుంది" అని భయపెట్టినవాళ్ళు ఇక నిశ్చింతగా ఉండొచ్చు. "ఇంటికి అరిష్టం" అన్నవాళ్ళకి జవాబు చెప్పే ఓపిక నాకు లేదు.

దాని అసలు కష్టం ముక్కు కాదు, మనం మేత పెట్టే పద్ధతి. నేల మీద నూకలు చల్లితే మామూలు కోడి ఒక్కో గింజనీ ఏరుకుంటుంది. దీనికి ముక్కు కొసలు రెండూ కలవవు, గింజ పట్టు చిక్కదు. పొడుస్తూనే ఉంటుంది, కడుపులోకి ఏమీ పోదు. అదే తౌడు, నూకలు, మెత్తగా దంచిన మొక్కజొన్న నీళ్ళతో తడిపి, మరీ జారుగా కాకుండా లోతు గిన్నెలో పెట్టండి, కథ మారిపోతుంది. మూతి మునిగేంత మందాన మేత ఉండాలి. అప్పుడు కింది ముక్కుతో తోడుకుని, తల పైకెత్తి, ఒక్క విదిలింపు విదిల్చి మింగుతుంది. ఆ విదిలింపుకి సగం తౌడు దాని మెడ ఈకలకీ, నా చీర కుచ్చిళ్ళకీ అంటుతుంది. అంటితే అంటనీ. గిన్నెని ఇటుక మీద దాని రొమ్ము ఎత్తుకి పెడితే ఒలకడం తగ్గుతుంది. నీళ్ళ గిన్నె కూడా లోతుగానే ఉండాలి. ఎండాకాలం తడి మేత ఇట్టే పులిసిపోతుంది, మిగిలింది తీసి పారెయ్యాల్సిందే.

ఇంకో సంగతి, దాన్ని మందలో వదిలేసి "అదే తింటుందిలే" అనుకోకూడదు. కోళ్ళలో పెత్తనం మనుషుల్లోకంటే ఘోరం. నిదానంగా తినేదాన్ని నాలుగు పొడుపులు పొడిచి గిన్నె లాగేసుకుంటాయి. అందుకే మేత వేళకి దీన్ని గిన్నెతో సహా విడిగా గంప కింద మూస్తాను. బయట మా కౌజు పుంజు గంప చుట్టూ తిరిగి తిరిగి విసుగొచ్చి పోతుంది. అది చూడటం నాకు పొద్దున్నే పెద్ద కాలక్షేపం.

ఈకలు సర్దుకోవడం కూడా దీనికి చేతకాదు. కోడి తోక మొదట్లో ఉండే నూనె గ్రంథిని ముక్కుతో నొక్కి, ఆ నూనె ఈకలకి రాసుకుంటుంది. ఈ ముక్కుకి అది సాధ్యం కాదు కాబట్టి పేలు పడతాయి. రెక్క ఎత్తి, తోక కింద ఈకలు విడదీసి అప్పుడప్పుడు చూడాలి. పొడి బూడిదా ఇసుకా కలిపి ఒక మూల పోస్తే గంటలు గంటలు పొర్లుతుంది.

ముక్కు మన గోళ్ళలాగే పెరుగుతూనే ఉంటుంది. మామూలు కోడికి నేలకి రాసుకుని అరిగిపోతుంది, దీనికి అరగదు. లోపల రక్తనాళం ఉంటుంది గనక కత్తెరతో టక్కున కత్తిరించకూడదు. తువ్వాలు చుట్టి ఒళ్ళో పెట్టుకుని, కొసని మాత్రం గోళ్ళ ఆకురాయితో కొంచెం కొంచెం అరగదీస్తాను. పశువుల డాక్టరుగారి దగ్గర నేర్చుకున్నదే. అక్కడ గేదెలతో వచ్చినవాళ్ళు నన్ను చూసి నవ్విన నవ్వు ఇంకా గుర్తే. కోడి ఖరీదు కంటే ఆటో ఖర్చు ఎక్కువైందట. అయింది, నిజమే. ఆటోకి ఇచ్చింది నేనే కదా!

ఇంత జాలిపడే జనం ఒక్కసారి గుడ్ల ఫారానికి వెళ్ళి చూడాలి. అక్కడ పిల్లలు ఒకదాన్నొకటి పొడుచుకోకుండా చిన్నప్పుడే వేడి బ్లేడుతో ముక్కు కొస కోసేస్తారు. మా జిల్లాల్లో అలాంటి ఫారాలకి కొదవ లేదు. ఆ గుడ్ల ఆమ్లెట్ తింటూ ముత్యాలు బతుకు నరకం అని నాకు చెప్పకండి.

అలాగని ఎలా ఉన్నా బతికించి తీరాలని నేను అనను. దాని గుడ్లు మేం తింటాం, పొదగేయం, ఈ వంకర దాని పిల్లలకి రాకూడదని. వారానికోసారి రొమ్ము ఎముక తడిమి చూస్తాను. ఎముక కత్తి అంచులా చేతికి తగిలితే కడుపు నిండట్లేదని అర్థం. ఎన్ని చేసినా నీళ్ళు కూడా తాగలేని రోజొస్తే డాక్టరుగారిని అడిగి ప్రశాంతంగా సాగనంపుతాను. ఆ నిర్ణయం దాన్ని రోజూ చేత్తో పట్టుకుని చూసేవాళ్ళది, గోడవతల వాళ్ళది కాదు.

కింద పులుసు రెసిపీలు పెట్టేవాళ్ళని మొహమాటం లేకుండా బ్లాక్ చేస్తా. ఇలాంటి కోడిని సాకుతున్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఒక్కటి చెప్పండి: వానాకాలంలో తౌడు బూజు పట్టకుండా ఎలా దాస్తున్నారు? బూజు పట్టిన మేత కోళ్ళకి విషం. మా డబ్బాలో పైపొర అప్పుడే ఉండలు కడుతోంది.