బంగారు బల్లిలో బంగారం లేదు

బంగారు బల్లి గురించిన సందేశం వారంలో నాకు ఆరోసారి వచ్చింది. ఈసారి పంపినవాడు విజయనగరంలో నాతో డిగ్రీ చదివిన స్నేహితుడే. అది చాలా అరుదైన బల్లి అట, దాని ఒంట్లో బంగారం ఉందట, తిరుమలలో తప్ప మరెక్కడా బతకదట, కూరలో పడితే ఇంటిల్లిపాదీ పోతారట, మాంసంతో క్యాన్సర్ నయమవుతుందట, 300 గ్రాముల బల్లిని పట్టిస్తే కోటి రూపాయలిస్తారట.

జతకట్టే కాలంలో మగబల్లి చర్మానికి వచ్చే పసుపు రంగును చూసి బంగారమనుకుంటున్నారు. ఆడబల్లి గోధుమ రంగులోనే ఉంటుంది. తిరుమలలోనే ఉంటుందన్నదీ తప్పే. పాపికొండల్లో కూడా దాన్ని గుర్తించారు.

కూర విషయంలో మాత్రం మా అమ్మమ్మ పక్షమే నాది. బల్లి పడిన పప్పును ఆవిడ మారుమాట లేకుండా పెరట్లో పారబోసేది. బల్లికి విషం లేదు గాని, దాని పేగుల్లో, రెట్టలో సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉండవచ్చు కనుక, ఆవిడ చేసిందే సరైన పని.

కోటి రూపాయల మాటను మాత్రం క్షమించలేను. ఈశాన్య భారతంలోనూ, ఆగ్నేయాసియాలోనూ ఉండే టోకే అనే పెద్ద బల్లి చుట్టూ పుట్టిన పుకారు ఇది. దాన్ని మందుగా నమ్మవద్దని ఫిలిప్పీన్స్ ప్రభుత్వమే 2011లో హెచ్చరించింది. జానెడు పొడవు కూడా లేని మన బల్లి 300 గ్రాములు ఎలా తూగుతుందని పంపేవారిలో ఒక్కరైనా ఆలోచించారా? కోటి ఇచ్చేవాడి చిరునామా ఏదని ఒక్కరైనా అడిగారా?

1870లో బెడ్డోమ్ అనే బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త వర్ణించిన ఈ బంగారు బల్లి, శతాబ్దానికి పైగా శాస్త్రజ్ఞుల కంటబడకుండా ఉండి, 1980లలో తూర్పు కనుమల్లో మళ్లీ దొరికింది. ఇది అరుదైనదని సందేశంలో రాసిన వాక్యం ఒక్కటే నిజం. ఆడబల్లులు ఒకే బండ చీలికలో గుంపుగా, పక్కపక్కనే గుడ్లు పెడతాయి. రాతికి అతుక్కున్న గుడ్డు పగలకుండా ఊడిరాదు. ఆశపడి గునపంతో ఒక్క చీలికను పెకలించినా, చాలా బల్లుల సంతానం ఒక్కపూటలో పోతుంది. పట్టినవాడి మీద 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు పడుతుంది. సందేశం పంపిన మిత్రులు ఇళ్లలో సుఖంగా ఉంటారు.

గత నెల శృంగవరపుకోట దగ్గర మా బంధువుల ఊళ్లో ఒక కుర్రాడు కొండ మీంచి తెచ్చిన మామూలు బల్లిని పచ్చడి సీసాలో వేసి, మూతకు మేకుతో రెండు చిల్లులు పొడిచి, "మావయ్యా, ఇది ఎంత తూగుతుంది?" అని నన్ను అడిగాడు. తెంపుకున్న తోక సీసా అడుగున ఇంకా కదులుతోంది. ఇద్దరం కొండెక్కి, దాన్ని అదే బండ దగ్గర వదిలిపెట్టాం.