ఆమె పేరు మీద కూడా ఒక కార్డు

కొన్నేళ్ల కిందట ఒక ఆదివారం సాయంత్రం మన సంఘం సభ్యురాలు ఒకామె నాకు ఫోన్ చేసింది. భర్త పోయి అప్పటికి ఐదు వారాలు. "అక్కా, కార్డు పనిచేయట్లేదు. మూడుసార్లు పెట్టి చూశాను, వెనకాల లైన్‌లో అందరూ చూస్తున్నారు" అంది. ఆ కార్డు మీద ఉన్నది ఆమె పేరే. పదకొండేళ్లుగా ఇంటి ఖర్చంతా దానితోనే నడిపింది. బిల్లు కట్టాల్సిన తేదీ భర్తకు గుర్తుచేసేదీ ఆమే. కానీ ఆ ఖాతా ఆమెది కాదు.

బ్రిటన్‌లో క్రెడిట్ కార్డు ఖాతా ఒక్కరి పేరు మీదే ఉంటుంది. ఇంట్లో మిగిలినవాళ్లకు ఇచ్చేది అడిషనల్ కార్డు. ఖాతాదారు చనిపోయారని బ్యాంకుకు తెలిసిన వెంటనే ఖాతా ఆపేస్తారు, దాంతో ఆ రెండో కార్డూ ఆగిపోతుంది. ఆమె తన పేరు మీద కొత్త కార్డుకి దరఖాస్తు పెట్టింది, రాలేదు. ఫోన్ కాంట్రాక్టు తన పేరుకు మార్చుకోబోతే అక్కడా కుదరలేదు. ఆమె ఏ బాకీ ఎగ్గొట్టలేదు. ఎవరు అప్పులు ఎలా కడుతున్నారో ఒక్కొక్కరి పేరు మీద ఫైలు పెట్టి రాసుకునే సంస్థను క్రెడిట్ బ్యూరో అంటారు. అసలు ఆమె గురించి చెప్పడానికి ఆ బ్యూరో దగ్గర ఏమీ లేదు, అంతే. ఇక్కడ అడిషనల్ కార్డు వాడకం ఆ వాడే మనిషి ఫైల్లోకి ఎక్కదు. పదకొండేళ్లు ఈ దేశంలో ఉన్న మనిషీ, నిన్న విమానం దిగిన మనిషీ కాగితం మీద ఒక్కటే అయిపోయారు.

అందుకే ఈ వ్యాసం. పరాయి దేశంలో కాపురం పెట్టిన ప్రతి ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుంటే ఇద్దరికీ వేర్వేరుగా, ఎవరి పేరు మీద వాళ్లకు కార్డు ఉండాలి. ఉద్యోగం ఉన్నా లేకపోయినా. వచ్చిన మొదటి ఏడాదిలోనే ఆ పని మొదలుపెట్టాలి.

కొత్త దేశంలో మనకి చరిత్ర లేకపోవడం ఎలా ఉంటుందో నాకు రెండుసార్లు తెలిసింది. 2006లో చదువుకోసం అమెరికా వెళ్లినప్పుడు నేను ఖాతా తెరిచిన బ్యాంకే నాకు కార్డు ఇవ్వనంది. వారం తర్వాత ఉత్తరం వచ్చింది: క్రెడిట్ హిస్టరీ లేదు కాబట్టి ఇవ్వలేం అని. అది చదివి చాలా చిన్నబుచ్చుకున్నాను. నిజానికి ఆ ఉత్తరం నాకున్న హక్కు అని అప్పుడు తెలియదు. అమెరికాలో దరఖాస్తు తిరస్కరిస్తే కారణం చెప్పాల్సిందే, చట్టం అలా ఉంది. కాబట్టి ఎవరికైనా అలాంటి ఉత్తరం వస్తే చింపి పారేయకండి, చదవండి. కారణం చరిత్ర లేకపోవడమైతే దారి వేరు, అడ్రస్ సరిపోలకపోవడమైతే దారి వేరు.

నాకు దొరికిన దారి సెక్యూర్డ్ కార్డు. 300 డాలర్లు డిపాజిట్ కడితే 300 డాలర్ల లిమిట్ ఇచ్చారు. మన డబ్బే వాళ్ల దగ్గర పెట్టి, మన డబ్బంతే వాడుకోవడం ఏమిటని మొదట అనిపించింది. కానీ దాని పని ఖర్చుకి డబ్బివ్వడం కాదు, నెలనెలా సరిగ్గా కడుతున్నానని బ్యూరోలకు చెప్పడం. ఆ ఫైలు చూసి మనిషి అప్పు సరిగ్గా కడతాడా లేదా అని అంచనా కట్టే అంకె స్కోరు. అమెరికాలో ఎక్కువమంది వాడే ఫైకో స్కోరు 1989లో వచ్చింది. 300 నుంచి 850 వరకు ఉంటుంది. అది లెక్క కట్టాలంటే కనీసం ఒక ఖాతా ఆరు నెలల పాతదై ఉండాలి. ఆ స్కోరులో 35 శాతం మీరు సమయానికి కట్టారా లేదా అన్నదే. లిమిట్‌లో ఎంత వాడుతున్నారు, మొత్తం ఎంత బాకీ ఉన్నారు అన్నదానికి ఇంకో 30 శాతం. ఈ రెండూ చక్కగా ఉంటే మిగతాది కాలం చూసుకుంటుంది. నా డిపాజిట్ ఏడాదిలో తిరిగొచ్చింది.

తర్వాత ఎనిమిదేళ్లు ఒక్క పేమెంట్ కూడా తప్పలేదు. 2014లో మా ఆయన ఉద్యోగం మీద బ్రిటన్ వచ్చాం. ఇక్కడ మళ్లీ సున్నా. ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు పేర్లూ అమెరికాలోనూ ఉన్నాయి, బ్రిటన్‌లోనూ ఉన్నాయి. భారతదేశంలో మనం సిబిల్ అని పిలిచేది కూడా ఇప్పుడు ట్రాన్స్‌యూనియన్ చేతిలోనే ఉంది. పేర్లు ఒకటే, ఫైళ్లు మాత్రం కలవవు. ఏ దేశం ఫైలు ఆ దేశంలోనే ఉండిపోతుంది. దీనికి మినహాయింపులు చాలా కొద్ది. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కార్డు ముందునుంచీ ఉన్నవాళ్లకు కొన్ని దేశాల్లో ఆ పాత సంబంధం చూసి కొత్త కార్డు ఇస్తారు. 2019 నుంచి అదే సంస్థ అమెరికాకు కొత్తగా వచ్చినవాళ్ల విషయంలో భారతదేశంతో సహా కొన్ని దేశాల క్రెడిట్ చరిత్రను నోవా క్రెడిట్ అనే మరో సంస్థ ద్వారా తెప్పించి చూస్తోంది. బయల్దేరే ముందే ఇలాంటివి కనుక్కుంటే మంచిది. అయినా చాలామందికి మొదలు సున్నాయే.

జర్మనీలో ఉన్న మన సభ్యులు వేరే కష్టం చెబుతారు. అక్కడ షూఫా అనే క్రెడిట్ బ్యూరో ఉంది, 1927లో బెర్లిన్‌లో పుట్టింది. కరెంటు వాడేవాళ్లకు విద్యుత్ పరికరాలు వాయిదాల మీద అమ్మడానికి మొదలైన ఏర్పాటు అది. ఇప్పుడు ఇల్లు అద్దెకివ్వాలన్నా యజమాని షూఫా కాగితం అడుగుతాడు. అక్కడ క్రెడిట్ కార్డని ఇచ్చేవాటిలో చాలావాటికి నెలాఖరున మొత్తం బాకీ ఒకేసారి బ్యాంకు ఖాతాలోంచి వెళ్లిపోతుంది. అమెరికా అలవాటుతో వెళ్లి, కొంచెం కొంచెం కట్టుకోవచ్చులే అనుకుంటే ఖాతా ఖాళీ అవుతుంది.

బ్రిటన్‌లో ఉన్నవాళ్లకు ఒక మాట. మనలో చాలామందికి తెలియనిది, చెప్పినా నమ్మనిది. ఇక్కడ చట్టప్రకారం నివసిస్తున్న భారత పౌరులు కామన్వెల్త్ పౌరులుగా ఓటరు జాబితాలో పేరు నమోదు చేసుకోవచ్చు. వీసా మీద ఉన్నా సరే. అప్పు ఇచ్చేవాళ్లు పేరు, అడ్రస్ సరిచూసుకునేది ముందుగా ఆ జాబితాలోనే. రూపాయి ఖర్చు లేదు, ఆన్‌లైన్‌లో కొన్ని నిమిషాల పని. మా ఇంట్లో మా ఆయన పేరు వచ్చిన వారమే ఎక్కింది. నాది ఎక్కించాలని ఇద్దరికీ తోచలేదు. రెండేళ్లు ఆయన కార్డుకి అడిషనల్ కార్డు పెట్టుకుని తిరిగాను. అమెరికాలో ఎనిమిదేళ్లు సొంత కార్డు నడిపిన నాకే తోచలేదంటే, పెళ్లయి నేరుగా డిపెండెంట్ వీసా మీద వచ్చిన అమ్మాయికి ఎవరు చెప్పాలి?

"ఒకే ఇల్లు, ఒకే సంపాదన, రెండు కార్డులెందుకు?" అని అడిగే భర్తలు చెడ్డవాళ్లు కారు. చాలామంది పని తేలిక చేద్దామనే అలా అంటారు. కానీ ఒక్క పేరు మీద ఉన్న ఖాతాలో రెండో కార్డు ఆపేయడానికి ఖాతాదారు ఒక్క ఫోన్ చేస్తే చాలు. మరణం వస్తే ఆ ఫోన్ కూడా అక్కర్లేదు. విడిపోయే పరిస్థితి వస్తే, ఇల్లు అద్దెకు తీసుకోవడానికి, ఫోన్ కనెక్షన్‌కి, కారు లోన్‌కి ఆ మనిషి చేతిలో ఏమీ ఉండదు. అప్పుడు పరుగెత్తినా ఆరు నెలల చరిత్ర ఆరు రోజుల్లో రాదు.

ఈ హక్కు ఊరికే రాలేదని కూడా గుర్తుంచుకోవాలి. అమెరికాలో 1974 వరకు పెళ్లయిన స్త్రీ కార్డు అడిగితే భర్త సంతకం తెమ్మనడం మామూలు. ఆ ఏడాది వచ్చిన సమాన రుణ అవకాశ చట్టం దాన్ని ఆపింది. బ్రిటన్‌లో అదే పని 1975 నాటి లింగ వివక్ష నిషేధ చట్టం చేసింది. మళ్లీ 2011 ప్రాంతంలో అమెరికాలో కొత్త నిబంధన ఒకటి వచ్చి, దరఖాస్తుదారు సొంత ఆదాయమే చూడాలంది. ఇల్లు చూసుకునే స్త్రీలకు దానివల్ల దారి మూసుకుపోయింది. గొడవ జరిగింది. 2013లో దాన్ని సవరించి, 21 ఏళ్లు నిండినవాళ్లు తమకు అందుబాటులో ఉండే భార్య లేదా భర్త ఆదాయాన్ని కూడా చూపొచ్చని మార్చారు. ఈ సవరణ డిపెండెంట్ వీసా మీద ఉన్న మన ఆడపిల్లల్లో ఎంతమందికి తెలుసు? పని చేసే అనుమతి లేక సోషల్ సెక్యూరిటీ నంబర్ రాకపోయినా, పన్నుల కోసం ఇచ్చే ఐటిన్ నంబర్‌తో దరఖాస్తు తీసుకునే సంస్థలున్నాయి. అమెరికాలో ఇంకో వెసులుబాటు: అక్కడ ఆథరైజ్డ్ యూజర్‌గా (ఇక్కడి అడిషనల్ కార్డు లాంటిదే) చేర్చిన కార్డు చాలాసార్లు అలా చేరినవాళ్ల ఫైల్లో కూడా కనిపిస్తుంది. మొదటి మెట్టుగా అది పనికొస్తుంది. బ్రిటన్‌లో అదీ లేదు కాబట్టి ఇక్కడ ఇంకా తొందరపడాలి. కొన్ని సంస్థలు దరఖాస్తులో ఇంటి మొత్తం ఆదాయం అడుగుతాయి, అలాంటివి చూసుకోండి. దరఖాస్తుకి ముందు సాఫ్ట్ సెర్చ్, అంటే పైపైన సరిచూసుకోవడం, చేసి, వచ్చే అవకాశం ఎంతుందో చూడండి. అది ఫైల్లో మచ్చగా పడదు. ఒకే నెలలో నాలుగైదు చోట్ల పూర్తి దరఖాస్తులు పెడితే మాత్రం అప్పు కోసం తిరుగుతున్న మనిషిలా కనిపిస్తారు.

కార్డు వచ్చాక వాడకం గురించి పెద్దగా చెప్పేదేం లేదు, ఒక్కటి తప్ప: స్టేట్‌మెంట్‌లో ఉన్న మొత్తం కట్టాలి. మొత్తం. మినిమం పేమెంట్ అనే అంకె చూసి మోసపోకండి. 22 శాతం వడ్డీ మీద 3,000 డాలర్ల బాకీ ఉందనుకోండి. నెల వడ్డీయే 55 డాలర్లు. అసలులో ఒక శాతం, దానికి వడ్డీ కలిపి మినిమంగా 85 డాలర్లు అడిగితే, మీరు కట్టినదాంట్లో అసలుకి పోయింది 30. బ్రిటన్‌లో చరిత్ర లేనివాళ్లకిచ్చే కార్డుల మీద వడ్డీ 30 శాతం దాటడం మామూలే. మొత్తం కట్టేవాళ్లకి ఆ శాతంతో పనిలేదు. కొంచెం బాకీ ఉంచితే స్కోరు పెరుగుతుందని స్నేహితులు చెబితే వినకండి, అది తప్పు. పైగా కొంత మిగిల్చి కడితే, ఆ తర్వాత కొన్నవాటికీ కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. బ్యాంకు ఖాతాలోంచి దానంతటదే కట్టేసే డైరెక్ట్ డెబిట్ మొత్తం బాకీకి పెట్టేస్తే టెన్షన్ ఉండదు. ఒక పేమెంట్ తప్పితే ఆ గుర్తు బ్రిటన్‌లో ఆరేళ్లు, అమెరికాలో ఏడేళ్లు ఉంటుంది. క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో డబ్బు తీయకండి, దానికి ఆ రోజు నుంచే వడ్డీ. వేరే దేశంలో కార్డు వాడుతుంటే మెషీన్ "మీ సొంత కరెన్సీలో కడతారా" అని అడుగుతుంది. వద్దని, ఆ దేశపు కరెన్సీయే ఎంచుకోండి. లేకపోతే మారకం రేటు వాళ్లిష్టం.

స్నేహం కోసం కార్డు ఇవ్వడం గురించి నా అభిప్రాయం గట్టిదే. టికెట్లు కొనుక్కుంటాను, నీ కార్డు గీకు, నెలాఖరుకి ఇచ్చేస్తాను అంటారు. ఇవ్వగలిగితే చేతి బదులుగా డబ్బే ఇవ్వండి. కార్డు మాత్రం ఇవ్వొద్దు. డబ్బు పోతే డబ్బే పోతుంది. కార్డు బాకీ నిలిస్తే మీ పేరు పోతుంది, ఎవరు వాడారని బ్యూరో అడగదు.

ఇంత చెప్పాక కూడా అప్పు అనే మాటకే భయపడి కార్డు వద్దనేవాళ్లున్నారు. ఆ భయాన్ని నేను గౌరవిస్తాను. కానీ కార్డు వల్ల రక్షణ కూడా ఉంది. బ్రిటన్‌లో 1974 నాటి వినియోగదారుల రుణ చట్టం 75వ సెక్షన్ ప్రకారం, 100 పౌండ్లు దాటి 30,000 పౌండ్ల లోపు ఉన్న వస్తువో సేవో క్రెడిట్ కార్డుతో కొని, అమ్మినవాడు చేతులెత్తేస్తే కార్డు సంస్థ కూడా సమానంగా బాధ్యత వహించాలి. డెబిట్ కార్డుకి ఈ చట్టం వర్తించదు. అమెరికాలో మీకు తెలియకుండా ఎవరైనా క్రెడిట్ కార్డు వాడితే చట్టప్రకారం మీ మీద పడేది గరిష్ఠంగా 50 డాలర్లే.

మన సంఘం ఏటా కొత్తగా వచ్చినవాళ్లకు పరిచయ సభ పెడుతుంది. బ్యాంకులు, ఇళ్లు, వీసాల సంగతి చెప్పే గదిలో కూర్చునేది దాదాపు అందరూ ఉద్యోగస్తులే. వాళ్ల భార్యలు పక్క గదిలో పిల్లల్ని చూసుకుంటూ ఉంటారు. కార్యవర్గానికి నా విన్నపం: ఈసారి పిల్లల్ని చూసే బాధ్యత వాలంటీర్లం తీసుకుందాం. ఆ గదిలో ఇద్దరూ కూర్చోవాలి. ఇద్దరి ఫోన్లలోనూ ఓటరు నమోదు అక్కడికక్కడే చేయిద్దాం, ఇద్దరి పేరు మీదా సాఫ్ట్ సెర్చ్ చేయిద్దాం. ఆ రోజు పిల్లల గదిలో ఉండడానికి నా పేరు ముందే రాసుకోండి.

నాకు ఫోన్ చేసిన ఆమె సంగతి చెప్పాలి. భర్త కార్డు మీద మిగిలిన బాకీ ఆమెనే కట్టమని మొదట అడిగారు. ఆ బాకీ ఆయన వదిలి వెళ్లిన ఆస్తిలోంచి తీరాల్సింది, అడిషనల్ కార్డు ఉన్నంత మాత్రాన ఆమె బాధ్యురాలు కాదు. ఇద్దరం కూర్చుని ఉత్తరం రాశాం, అడగడం మానేశారు. ఓటరు జాబితాలో పేరు ఎక్కించింది, కరెంటు బిల్లు తన పేరుకు మార్చుకుంది. ఐదో నెలలో 250 పౌండ్ల లిమిట్‌తో కార్డు వచ్చింది. కవరు విప్పకుండా నాకు ఫోన్ చేసి, పైన రాసిన తన పేరు నెమ్మదిగా చదివి వినిపించింది.