గడ్డం మీద పన్ను వెయ్యాల్సిందే

బెజవాడలో ఇప్పుడు నున్నగా గీసుకున్న కుర్రాడు కనపడితే ఏరా ఒంట్లో బాలేదా అని అడిగేలా ఉంది పరిస్థితి. ఒకప్పుడు గడ్డం పెంచాడంటే లవ్ ఫెయిల్యూరో అయ్యప్ప మాలో, మూడో కారణం ఉండేది కాదు. ఇప్పుడు బీసెంట్ రోడ్డులో ఎటు చూసినా గడ్డమే, దానికో ఆయిలు, ఓ దువ్వెన. కార్పొరేషన్ వాళ్లు ఇంకా ఇంటి పన్ను, నీటి పన్ను అంటూ తిరుగుతున్నారు గానీ అసలు బంగారు గని ఇదే కదా.

నవ్వకండి, రష్యాలో పీటర్ చక్రవర్తి ఇదే చేశాడు. 1698లో యూరప్ తిరిగొచ్చి దర్బారు పెద్దల గడ్డాలు తన చేత్తోనే కోసేశాడు, ఆ తర్వాత పన్నేశాడు, బాగా డబ్బున్న వ్యాపారులైతే ఏడాదికి 100 రూబుళ్లు, కట్టినోళ్లకి మీసం గడ్డం బొమ్మున్న రాగి బిళ్ల ఇచ్చేవాళ్లు, పల్లెటూరి రైతు సిటీ గేటు దాటినప్పుడల్లా ఓ కోపెక్కు, అంటే రూబులులో వందో వంతు, కట్టాలి. మనకి కృష్ణ మీద వారధి ఉండనే ఉంది, గుంటూరు నుంచొచ్చే ప్రతి గడ్డానికీ అక్కడే టోల్ కొట్టేయొచ్చు.

ఆరోగ్యానికి గడ్డం అవసరం అని ఎవరైనా కోర్టుకెళ్తే? వెళ్లనివ్వండి, డాక్టర్లు రెండు వైపులా సాక్ష్యం చెప్తారు. 1850ల్లో ఇంగ్లండు డాక్టర్లు గడ్డం దుమ్ముని ఆపుద్ది, గొంతుని కాపాడుద్ది అన్నారు. తర్వాత సూక్ష్మక్రిములు బయటపడేసరికి గడ్డమంటేనే క్రిముల గూడు, గీకెయ్యండి అన్నారు. గడ్డం మాత్రం అదే. బ్రిటిష్ ఆర్మీ అయితే 1916 దాకా పై పెదవి గీసుకోకూడదని రూలు పెట్టింది, మీసం లేకపోతే తుపాకీ పేలదనుకున్నారేమో. గడ్డం కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగే రకం రేజర్ల కంపెనీ పెట్టిన జిల్లెట్, 1903లో అమ్మింది 51 రేజర్లే, మొదటి ప్రపంచ యుద్ధం రాగానే అమెరికా సైన్యానికి లక్షల్లో అంటగట్టాడు.

పాపం సెలూన్ వాళ్లని మాత్రం అనకూడదు. లండన్లో 1540 నుంచి 1745 దాకా క్షవరం చేసేవాళ్లదీ సర్జన్లదీ ఒకటే సంఘం. మన ఊళ్లలోనూ కురుపులు కోసి కట్టు కట్టింది వాళ్లే, కాన్పులు చేసింది వాళ్లింటి ఆడవాళ్లే. వన్‌టౌన్‌లో ఒక పెద్దాయన ఇప్పటికీ బ్లేడుని కాగితంలోనే సగానికి విరిచి కత్తిలో దూర్చి, గీశాక పటిక ముక్క తడిపి రుద్దుతాడు, ఆ మంటకి కళ్లల్లో నీళ్లొస్తాయి. కొత్త బ్లేడేనా అని అడగడానికి మాత్రం మొహమాటపడకండి, రక్తం అంటిన బ్లేడుతో పాకే కాలేయం జబ్బు హెపటైటిస్ బి మొహమాటం చూడదు.

ఇక మినహాయింపులంటారా, భవానీ, అయ్యప్ప మాల వేసుకున్నోళ్లకి పన్ను లేదు. మాల తీసి నెలైనా గడ్డం తియ్యని స్వాములకి మాత్రం డబులు, పెనాల్టీతో సహా.