టైరు ముక్క మాహాత్మ్యం

మొన్న మంగళవారం మా పికప్ ఇంజన్ కింద నుంచి ఒక లారీ టైరు ముక్క బయటపడింది. రోడ్డు మీద తగులుకుని వచ్చింది కాదు. కొలిచి, కోసి, మధ్యలో బెజ్జం పెట్టి, బైండింగ్ వైరుతో రెండు చుట్లు చుట్టి, ఎడమ పక్క మౌంటింగు ఉండాల్సిన చోట ప్రతిష్ఠించింది. 2010 మోడల్ బండి, నేను సెకండ్ హ్యాండ్‌లో కొని రెండేళ్లయింది. ఈ రెండేళ్లూ అంత బరువైన ఇంజనూ దాని మీదే కూర్చుని ఉంది. ఆ పని చేసిన చేతికి దండం పెట్టాలి. పెట్టాక, ఆ చెయ్యి వెనక్కి విరిచి కట్టాలి.

మీకు తెలియదని కాదు, లాంఛనంగా చెబుతున్నాను. ఇంజన్ని చాసీకి నేరుగా బోల్టు వేసి బిగించరు. నడుమ రెండు ఇనప పలకల మధ్య అతికించిన రబ్బరు దిమ్మ ఉంటుంది. మా బండిలాంటి వాటికి ఇంజన్‌కి అటొకటి, ఇటొకటి, గేర్ బాక్సు కింద ఒకటి. షెడ్లలో మౌంటింగులంటారు, కాస్త పాతకాలం మేస్త్రులైతే ఫౌండేషన్లంటారు. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఉన్నచోట ఉండి నిమిషానికి 750 చుట్లు తిరిగినా, లోపల సెకనుకి 25 పేలుళ్లు. అవి డ్రైవరు నడుముదాకా రాకుండా మింగడమే ఆ రబ్బరు ఉద్యోగం. గంధకం కలిపి ఉడికించిన రబ్బరుకి చార్లెస్ గుడ్‌ఇయర్ పేటెంటు తీసుకున్నది 1844లో. 1931లో అమెరికాలో ప్లిమత్ కారు ఇంజన్ని రబ్బరు మీద కూర్చోబెట్టి, ఆ సంగతే ఊరంతా చాటి అమ్ముకున్నారు. మనవాళ్లు ఆ రబ్బరు పీకేసి టైరు పెట్టారు. టైరు కూడా రబ్బరే కదా అని వాదన.

వేడికి గట్టిపడి, పైనుంచి కారే డీజిలుకి ఉబ్బి, ఏదో ఒకరోజు మౌంటింగు చీలిపోతుంది. అప్పట్నుంచి బండి మొర పెట్టుకుంటుంది. మా బండి రెండేళ్లు పెట్టుకుంది. సిగ్నల్ దగ్గర ఆగితే డ్యాష్‌బోర్డు మీది వినాయకుడు నిమజ్జనానికి తొందరపడుతున్నట్టు ఊగేవాడు. అద్దంలో వెనకొచ్చే మోటారు సైకిల్ ఒకటైతే మూడు కనిపించేవి. క్లచ్ వదిలితే కింద 'ధడ్'. మా డ్రైవరు మాత్రం దీన్ని సౌకర్యాల ఖాతాలో వేశాడు. "మూడో గేరు దానంతటదే న్యూట్రల్‌లోకి వచ్చేస్తుంది సార్, ఆటోమేటిక్కు!"

ఇక వైద్యం. విజయవాడ ఆటోనగర్ అంటే లారీని విప్పి రెండు లారీలు కట్టగల చోటు. ప్రతిభకి కరువు లేదు. మొదటి మేస్త్రి బానెట్ మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, నాడి చూసే వైద్యుడిలా రెండు నిమిషాలు ఊగాడు. "ఇంజెక్టర్లు" అన్నాడు. తొమ్మిది వేలు. రెండో ఆయన మొదటి ఆయన్ని తిట్టి, "క్లచ్ ప్లేటు" అన్నాడు. పదకొండు వేలు. మూడో ఆయన ఇద్దర్నీ తిట్టి, గేర్ బాక్సు నుంచి వెనక చక్రాలకి తిప్పుడు అందించే షాఫ్టు కీళ్లు, అదే జాయింట్ క్రాసులు, మార్చాడు. 'ధడ్' మాత్రం ఎవరి మాటా వినలేదు.

దాంతో టీకొట్టు ముందు కమిటీ కూర్చుంది. ఒక లారీ డ్రైవరు, ఒక పంచర్ల ఆయన, రిటైరైన బస్సు కండక్టరు, మేస్త్రి, నేను. ఐదు గాజు గ్లాసులు బానెట్ మీద పెట్టారు. చప్పుడు వినాలి కాబట్టి ఇంజన్ ఆన్‌లోనే ఉంచారు. కండక్టరు గారు డీజిల్ కల్తీ గురించి మొదలుపెట్టేసరికి గ్లాసులు కూడా బయల్దేరాయి. ఒకదాని వెనక ఒకటి, అన్నదానం లైన్లో నిలబడ్డంత క్రమశిక్షణగా అంచు వైపు నడిచాయి. పంచర్ల ఆయన మాట ఆపకుండానే మొదటిదాన్ని పట్టుకుని మళ్లీ వెనక్కి పెట్టాడు. అది లైన్లో చివర చేరింది. రెండోది మేస్త్రి పట్టాడు. మూడోది నా ప్యాంటు మీద పడింది. పావుగంట ఇలా గ్లాసులు కాస్తూనే, ఇంజన్ ఎందుకు ఊగుతోందో ఎవరికీ అంతుచిక్కక, చివరికి దిష్టి అని తేల్చారు. నిమ్మకాయ, మిరపకాయలు కట్టాం. ఆ నిమ్మకాయ ఊగిన తీరు చూసినా చాలు, అసలు జబ్బు తెలిసేది. కానీ వంగి చూడాలిగా.

హ్యాండ్ బ్రేకు లాగి, కాలి బ్రేకు తొక్కి, ఫస్టు గేరులో క్లచ్ కాస్త కాస్తగా వదులుతుంటే, బానెట్ ఎత్తి పక్క నుంచి చూసినవాడికి ఇంజన్ ఒక పక్కకి లేచిపడటం కనిపిస్తుంది. పైసా ఖర్చు లేని పరీక్ష. అందుకే ఎవరూ చేయరు.

నాలుగో మేస్త్రి చేశాడు. "మౌంటింగు పోయింది సార్. ఒక్కటి మారిస్తే చాలు." మిగతా రెండూ? "అడ్జస్ట్ అయిపోతాయి." మూడు కాళ్ల పీటకి రెండు కాళ్లు పుచ్చిపోతే ఒక కాలు కొత్తది వేస్తారట, బరువంతా దాని మీద పడి అదీ చస్తుంది. మూడూ కలిపి రెండు వేల చిల్లర. వాయుగుండంలా ఊగే బండికి కొత్త సీటు కవర్లు, రంగుల లైట్లు, నాలుగు రాగాల హారను పెట్టిస్తాం గానీ, రబ్బరు దగ్గరికొచ్చేసరికి పొదుపు గుర్తొస్తుంది. మూడూ మార్చమన్నాను.

ఛాంబర్ కింద, అంటే ఇంజన్ అడుగున ఆయిలు ఉండే తొట్టి కింద, జాకీ పెట్టాడు, నడుమ చెక్క ముక్క లేకుండా. నేనరిస్తే ఆ ముక్క పెట్టాడు. ఇంజన్ అంగుళం లేచింది. అప్పుడు, "ఒరేయ్ చిన్నా, దూరు" అన్నాడు.

చిన్నాకి పన్నెండో, పదమూడో ఉంటాయి. ముందు చక్రాలు అప్పటికే విప్పేశారు. బండి ఇటుకల మీద ఉంది, ఇంజన్ ఒకే ఒక్క బాటిల్ జాకీ మీద ఉంది, వాడి తల దాని కింద ఉంది. ఇక్కడ నాకు వ్యంగ్యం రావడం లేదు. జాకీ ఉన్నది ఎత్తడానికి, మోయడానికి కాదు. లోపలి సీలు కారితే చెప్పి దిగదు. 14 ఏళ్లు నిండని పిల్లాణ్ని షెడ్డులో జీతానికి పెట్టుకోకూడదని 2016లో చట్టం సవరించి మరీ రాసుకున్నాం. "వాడికి అలవాటే సార్" అన్నాడు మేస్త్రి. ఎవరికయ్యా అలవాటు? ఇటుకకి అలవాటా? సీలుకి అలవాటా? బడి టైములో ఆయిలు మరకల చొక్కాతో తిరిగే పిల్లాణ్ని చూసి టీ తాగుతూ కూర్చున్న మన ఐదుగురికీ అలవాటు! ఆ రబ్బరు ముక్కకి ఉన్న విలువ కూడా వాడి పుర్రెకి కట్టలేదు మనం. కాళ్లు పట్టి బయటికి లాగాను. వాడు నన్నే వింతగా చూశాడు.

బండి బరువు మోసే ఇనప స్టాండ్లు లేవా అంటే ఉన్నాయన్నారు. పక్క షెడ్డులో వాటి మీద పలక వేసి క్యారమ్స్ ఆడుతున్నారు. ఆట ఆపించి తెచ్చేసరికి అరగంట పట్టింది, మేస్త్రి ముఖం మాడ్చుకుని తనే దూరాడు. బోల్టులన్నీ ముందు చేత్తో ఎక్కించి, ఇంజన్ బరువు రబ్బరు మీదకి దించాకే పానా పట్టాలని నేను చెప్పబోతుంటే, చిన్నా అప్పటికే మేస్త్రికి చెబుతున్నాడు.

సాయంత్రం సెల్ఫ్ కొడితే వినాయకుడు కదలకుండా కూర్చున్నాడు. డబ్బులు లెక్కపెట్టుకుంటూ మేస్త్రి ఆ టైరు ముక్కని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, గుడ్డతో తుడిచి తన పెట్టెలో వేసుకున్నాడు.

"మంచి పనోడు చేసింది సార్. ఎవరికైనా పనికొస్తుంది."