అచ్చం జవాబు లెక్కనే ఉండే ఆప్షన్ గారికి

మహారాజశ్రీ తప్పు ఆప్షన్ గారి సముఖమునకు,

నల్లగొండ, పాలమూరు డిగ్రీ పిల్లల తరఫున దండాలు. తమరు క్షేమమేనా అని వేరే అడగనక్కర్లేదు. ఎంబీఏ, ఎంసీఏ సీట్ల కోసం రాసే ప్రవేశ పరీక్ష ఐసెట్ ఉన్నన్నాళ్లు తమరికేం ఢోకా లేదు. 200 ప్రశ్నలు, 150 నిమిషాలు, ప్రశ్నకు 45 సెకన్లు. ఆ తొందర మాకే గానీ తమరికెక్కడిది? ముందే వచ్చి కూసుంటరాయె.

2025లో ఐసెట్ నిర్వహణ నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీకి వచ్చినప్పుడైనా, ఊరోళ్లని జర మొహమాటపడతరేమో అని ఆశ. అసొంటి గుణం తమరికి లేదాయె.

తమరి పనితనాన్ని మాత్రం మెచ్చుకోవాలె. నాలుగు ఆప్షన్లల్ల ఇద్దరు ఉత్త పోజుగాళ్లు, వాళ్ల దిక్కు ఎవరూ చూడరు. తమరు అట్ల కాదు. పిల్లగాడు ఏ మెట్టు మీద ఆగిపోతడో ముందే లెక్కగట్టి, ఆ మెట్టు కాడ వచ్చే అంకె వేసుకొని నిలబడతరు.

బత్తాయిల లెక్కనే తీసుకుందాం. 20 బత్తాయిల కొన్న ధర, 16 బత్తాయిల అమ్మిన ధరకు సమానం. లాభం ఎంత శాతం? పిల్లగాడు 20లోంచి 16 తీసేస్తడు, 4. దాన్ని 20తో భాగిస్తడు, 20 శాతం. తలెత్తి చూస్తే తమరు హాజరు. అదే లెక్క గడియారం సెంటర్ల బండి మీద బత్తాయిలమ్మే ఆయన్ని అడిగితే పెన్ను ముట్టకుండ చెప్తడు. కాయ రూపాయికి కొన్నడనుకోండి. 16 కాయలు అమ్మంగనే 20 రూపాయల పెట్టుబడి చేతికొచ్చింది, అంటే కాయ రూపాయి పావలాకు పోయింది. మిగిలిన 4 కాయలు కూడ అదే ధరకు పోతయి, 5 రూపాయలు. 20 మీద 5, అంటే 25 శాతం. పిల్లగాడు మిగిలిన కాయల్ని కొన్న ధరకే అమ్మేసిండు. ఆ తేడా తమరి జీతం.

కుంట పూడిక లెక్కల తమరి ధైర్యం ఇంకా గొప్పది. ఒకరు 10 రోజుల్ల, ఇంకొకరు 15 రోజుల్ల తీస్తరు. కలిసి తీస్తే? పన్నెండున్నర అని తమరు. పదిరోజుల మనిషికి సాయమొచ్చినాక పని ఇంకా లేటయిందంటే, వచ్చినాయన పూడిక తీసిండా, పోసిండా? జవాబు 10 కంటె తక్కువే ఉండాలె. పదో వంతు, పదిహేనో వంతు కలిపితే ఆరో వంతు, 6 రోజులు. లెక్క చేయకముందే తమరిని కొట్టేయొచ్చు, కానీ 45 సెకన్లల్ల అంత నిమ్మళం ఎవరికుంటది?

శాతాల కాడ తమరు రెండు వేషాలు కడతరు. ధర 20 శాతం పెంచి 20 శాతం తగ్గిస్తే లాభం లేదు, నష్టం లేదు అని ఒక వేషం. ఉంది, 4 శాతం నష్టం. ఆ పాఠం నేర్చుకొని వస్తే, గద్వాల చీర ధర 25 శాతం పెంచి 20 శాతం డిస్కౌంట్ ఇస్తరు. ఈసారి '5 శాతం లాభం' అని ఇంకో వేషం. 100ను 125 చేసి 25 తీసేస్తే మళ్ల 100, లాభమూ లేదు, నష్టమూ లేదు.

ఇంగ్లిష్ గ్రామర్ల కూడ ఇదే నాటకం. 'ద క్వాలిటీ ఆఫ్ ద మ్యాంగోస్' తర్వాత 'ఈజ్' రావాల్నా, 'ఆర్' రావాల్నా? పక్కనే కొల్లాపూర్ మామిళ్లు గంపెడున్నయని పిల్లగాడు 'ఆర్' పెడతడు. కర్త క్వాలిటీ, ఒక్కటే, 'ఈజ్' రావాలె. సరే, పక్కన ఉన్నదాన్ని నమ్మొద్దని రాసుకుంటడు. తర్వాతి ప్రశ్నల 'నైదర్ ద ప్రిన్సిపాల్ నార్ ద లెక్చరర్స్' వస్తది. అక్కడ పక్కన ఉన్నదే చెల్లుతది, 'ఆర్' కరెక్ట్. 'ద నంబర్ ఆఫ్ స్టూడెంట్స్' అంటే 'ఈజ్', 'ఎ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్' అంటే 'ఆర్'. ముందున్న ఒక చిన్న ముక్క మారితే తమరు కుర్చీ మార్చేస్తరు.

డేటా సఫిషియెన్సీ, అంటే ఇచ్చిన సమాచారం జవాబుకు సరిపోతదా లేదా అని అడిగే ప్రశ్నలు, మాత్రం తమరి సొంతిల్లు. x విలువ ఎంత? మొదటి స్టేట్‌మెంట్: x వర్గం 9. రెండోది: x ఘనం 27. మొదటిదాంట్ల 3 ఉంది, మైనస్ 3 కూడ ఉంది, అది ఒక్కటే చాలదు. రెండోదాంట్ల 3 ఒక్కటే, అది చాలు. కానీ పిల్లగాడు మొదటిది చదివి, దాన్ని నెత్తిన మోసుకుంటనే రెండోదాంట్లకు పోతడు, 'రెండూ కావాలె' అంటడు. రెండోది చదివేటప్పుడు మొదటిదాన్ని అరచేత్తో మూసేస్తే తమరికి ఇల్లే ఉండదు. కంప్యూటర్ తెర మీద చెయ్యి పెడితే ఇన్విజిలేటర్ ఏమంటడో అది వేరే సంగతి.

చివరగా ఒక మనవి. నెగెటివ్ మార్కులు లేవు గనుక, ఆఖరి 5 నిమిషాల్ల మిగిలిన ప్రశ్నలన్నిటికీ పిల్లగాడు కండ్లు మూసుకొని నొక్కుతడు, ఖాళీగ ఏదీ ఇడ్వడు. ఆ గుడ్డి నొక్కుడుల తమరి తెలివితేటలు పనిచేయవు, మిగతా ఇద్దరు పోజుగాళ్లతో సమానమే. ఆ కాసేపైనా జర పక్కకు జరుగుర్రి.

ఇట్లు,
రఫ్ పేపరు నిండ కొట్టివేతలున్న అభ్యర్థులు